టెక్సాస్‌లో లైసెన్స్ వచ్చింది, పిస్టల్ కొన్నారు, మరి రోజూ పెట్టుకుని తిరగడం ఎలా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఫ్రిస్కోలో ఉంటారు, మీ ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. 2023లో అలెన్ మాల్‌లో జరిగిన కాల్పులప్పటి నుంచీ మనసులో నలుగుతున్న పని ఈ మధ్యే పూర్తిచేసి లైసెన్స్ టు క్యారీ, అంటే గన్ ఒంటి మీద పెట్టుకుని తిరిగే లైసెన్స్, తీసుకున్నారు, చిన్న నైన్ ఎంఎం పిస్టల్ కొన్నారు. దాన్ని చొక్కా కింద పెట్టుకుని బయటికెళ్తే అందరూ మీ నడుం వంకే చూస్తున్నట్టు ఉంటోంది, కూర్చుంటే పొట్టలో గుచ్చుకుంటోంది, గుడికి, పార్టీలకి వెళ్ళేటప్పుడు ఏం చెయ్యాలో తోచట్లేదు, మీ ఆవిడేమో "ఇదంతా మనకెందుకు" అంటున్నారు. ఎన్నాళ్ళకి అలవాటవుతుంది అని అడిగారు.

నేను డాలస్ పక్కనే చాలా ఏళ్ళుగా క్యారీ చేస్తున్నాను, మనవాళ్ళు కొత్తగా లైసెన్స్ తీసుకున్నప్పుడు రేంజ్‌కి, అంటే కాల్చడం ప్రాక్టీసు చేసే చోటికి, తోడు వెళ్తుంటాను. నేను చూసినంతలో బరువు కొన్ని వారాల్లో అలవాటైపోతుంది, ఆ బెరుకు కూడా ఇంకాస్త ఆలస్యంగా పోతుంది, వాటి గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. నిజంగా నేర్చుకోవాల్సింది పొద్దున్నే ఆ రోజంతా ఒకసారి కళ్ళ ముందు వేసుకుని చూడటం. ఎక్కడెక్కడికి వెళ్తున్నాను, వాటిలో గన్ తీసి పక్కన పెట్టాల్సిన చోటు ఉందా, ఉంటే అసలు ఇవాళ ఇంట్లోనే వదిలేద్దామా? ఎందుకంటే నడుముకి ఉన్న హోల్‌స్టర్‌లో (గన్ పెట్టుకునే ఒరలో) కదలకుండా ఉన్న పిస్టల్ తనంతట తాను ఎవర్నీ ఏమీ చెయ్యదు. దాన్ని తీసి, కార్లో పెట్టి, మళ్ళీ తీసి, బాత్రూంలో పక్కన పెట్టి, మళ్ళీ పెట్టుకుని... ఇలా చేతులు మారే ప్రతిసారీ ఒక తప్పు జరగడానికి చోటు ఉంటుంది. రోజులో ఎన్నిసార్లు దాని మీద చెయ్యి పడుతుందో అది తగ్గించుకుంటూ పోండి, అలవాటు అంటే నా లెక్కలో అదే.

హోల్‌స్టర్లూ బెల్టుల సంగతికి వెళ్ళేముందు మీ గ్రీన్ కార్డు గురించి ఒక మాట, ఎందుకంటే ఇది లైసెన్స్ క్లాసులో ఎవరూ చెప్పరు, అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది పుట్టుకతో అమెరికన్లు. ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకి ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది. గన్ కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం, క్యారీ చెయ్యడం, వీటిలో దేంట్లో చట్టం తప్పి కన్విక్షన్ పడినా సిటిజన్ కానివాళ్ళని డిపోర్ట్ చెయ్యడానికి అది చాలు. పక్కింటి అమెరికన్‌కి జరిమానాతో పోయే కేసు మీకు ఇమిగ్రేషన్ కోర్టు దాకా వెళ్ళొచ్చు. కాబట్టి సిటిజన్‌షిప్ వచ్చేదాకా "చట్టం ఒప్పుకుంటుందేమో, చూద్దాంలే" అనే చోట్లకి గన్‌తో వెళ్ళకండి. అనుమానం ఉంటే ఇంట్లోనే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు దాటినవాళ్ళు చాలామంది లైసెన్స్ లేకుండానే క్యారీ చెయ్యొచ్చు కదా, మరి అనవసరంగా క్లాసుకి వెళ్ళానా అని మీరు ఒక లైన్ రాశారు. అస్సలు అనవసరం కాదు. స్కూలుకి 1000 అడుగుల లోపల గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, అదే రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు. ఫ్రిస్కోలో ఏ వీధిలోంచి వెళ్ళినా ఏదో ఒక స్కూలు తగులుతుంది, లైసెన్స్ లేకుండా నడుముకి గన్‌తో పిల్లల్ని డ్రాప్ చేసేవాళ్ళు ఎంత రిస్కులో ఉన్నారో వాళ్ళకే తెలియదు.

ఇక ఒంటి మీద పెట్టుకోవడం సంగతి. పొట్టలో గుచ్చుకుంటోంది అంటే మీరు ముందువైపు, బెల్టు బకిల్ పక్కన పెట్టుకుంటున్నారని అర్థం. యూట్యూబ్‌లో అందరూ అదే చూపిస్తారు, కాకపోతే చూపించేవాళ్ళకి పొట్ట ఉండదు. మన వయసులో, డెస్కు ఉద్యోగంలో, కుడి తుంటి వెనక్కి, బొడ్డు దగ్గర పన్నెండు అనుకుంటే గడియారంలో మూడున్నర నాలుగు గంటల దగ్గర ప్రయత్నించండి. దాని ఇబ్బంది దానికీ ఉంది, ముందుకి వంగితే చొక్కా వెనక బిగిసి పిడి ఆకారం కనబడుతుంది, అందుకే కింద పడినదేదైనా తీసుకోవాలంటే నడుం వంచకుండా మోకాళ్ళ మీద కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. హ్యూస్టన్ దాకా నాలుగు గంటల డ్రైవ్‌లో మాత్రం అది నడుముని పీకుతుంది, ఆ మాట దాచను.

గన్ మీద అన్ని వందలు పెట్టి బెల్టు దగ్గర పిసినారితనం చేస్తారు మనవాళ్ళు. మామూలు డ్రెస్ బెల్టు మెత్తగా ఉంటుంది, బరువుకి మడత పడి పిస్టల్ బయటికి వాలిపోతుంది, అప్పుడు ప్రింటింగ్ (చొక్కా మీంచి గన్ ఆకారం కనబడటం) అవుతోందని పెద్ద చొక్కాలు కొంటారు. గ్లాక్ 19 లాంటిది నిండా 15 రౌండ్లతో (తూటాలతో) దాదాపు 30 ఔన్సులు, అంటే ముప్పావు కిలో పైనే. దానికి గట్టి బెల్టు కావాలి. హోల్‌స్టర్ మీ మోడల్‌కే తయారైన గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌దో మంచి తోలుదో అయ్యుండాలి, ట్రిగ్గర్ మొత్తం మూసెయ్యాలి. "అన్ని సైజులకీ సరిపోతుంది" అని పది డాలర్లకి అమ్మే మెత్తటి గుడ్డ సంచుల జోలికి వెళ్ళకండి, ట్రిగ్గర్ దగ్గర గుడ్డ మడత ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. హోల్‌స్టర్ లేకుండా జేబులో వేసుకునేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు.

మొదట కొన్ని రోజులు ఇంట్లోనే, మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని రెండుసార్లు కళ్ళతో చూసి, వేలితో తడిమి, ఖాళీ పిస్టల్ పెట్టుకుని తిరగండి. సోఫాలో కూర్చోండి, గిన్నెలు తోమండి, లాన్ కొయ్యండి. సాయంత్రం చూస్తే ట్రిగ్గర్ దానంతట అది నొక్కుకుపోయి ఉండదు. ఆ పిస్టల్ ఊరికే పేలదన్న నమ్మకం మాటలతో రాదు, అలా చూసుకుంటేనే వస్తుంది. ఆ తర్వాతే లోడ్ చేసి బయటికి, అదీ మొదట్లో చిన్న చిన్న పనులకి, ఒక్కరే వెళ్ళినప్పుడు.

అందరూ చూస్తున్నట్టు ఉండటం గురించి: ఎవరూ చూడటం లేదు బ్రదర్. వాల్‌మార్ట్‌లో జనం ఫోను చూసుకుంటూ నడుస్తారు. మిమ్మల్ని పట్టించేది గన్ కాదు, మీ చెయ్యే. కొత్తగా పళ్ళకి క్లిప్పు వేయించుకున్న పిల్లాడి నాలుకలాగా అది మాటిమాటికీ అటే పోతుంది, చొక్కా కిందికి లాగుతుంది, మోచేత్తో తడుముతుంది. చెయ్యి ఖాళీగా ఉండకుండా చూసుకోండి, కార్టు తొయ్యండి, కాఫీ కప్పు పట్టుకోండి. ముదురు రంగు, చిన్న చెక్స్ లేదా పూల డిజైన్ ఉన్న చొక్కా ఇన్‌షర్ట్ చెయ్యకుండా వేసుకుంటే మీకే కనబడదు. పల్చటి తెల్ల పోలో టీషర్టులో మాత్రం కనబడుతుంది. కుర్తా బ్రహ్మాండంగా దాస్తుంది గానీ కింద బొందు పైజామా ఉంటే హోల్‌స్టర్ నిలవదు, జీన్సూ బెల్టూ ఉండాల్సిందే. పంచె కట్టుకున్న రోజు దీని గురించి ఆలోచించే పనే లేదు.

బాత్రూం గురించి క్లాసులో చెప్పడానికి మొహమాటపడతారు, కానీ అమెరికాలో మర్చిపోయిన గన్లు దొరికే చోట్లలో అది ముఖ్యమైనది, పోలీసులు కూడా మర్చిపోయిన సంఘటనలు వార్తల్లో వస్తుంటాయి. తీసి తలుపు కొక్కేనికి తగిలించొద్దు, టాయిలెట్ పేపర్ డబ్బా మీద పెట్టొద్దు, ఫ్లష్ ట్యాంకు మీద అసలే వద్దు. హోల్‌స్టర్‌లోంచి తియ్యకుండా, బెల్టు మళ్ళీ బిగించి, మోకాళ్ళ దగ్గర ప్యాంటులోనే ఉంచండి, పక్క స్టాల్‌లోంచి కనబడకుండా ప్యాంటు కాస్త పైకి పట్టుకోండి. వీలుంటే ఆ పని ఇంట్లోనే కానిచ్చుకుని బయల్దేరండి, దీనికంటే మంచి సలహా నా దగ్గర లేదు.

ఎక్కడికి వెళ్ళకూడదు అన్నది మీ క్లాసులో చెప్పే ఉంటారు, కానీ మన జీవితాల్లో తగిలేవి కొన్ని చెప్తాను. తలుపు దగ్గర 30.06 అని పెద్ద బోర్డు ఉంటుంది, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అంగుళం ఎత్తుకి తగ్గని అక్షరాలతో. లైసెన్స్ ఉన్నవాళ్ళు దాచుకుని తెచ్చినా లోపలికి రావద్దు అని దానర్థం. 30.07 అంటే బయటికి కనబడేలా తేవద్దని. 30.05 లైసెన్స్ లేనివాళ్ళకి. బార్లకి ఎర్రటి 51 శాతం బోర్డు ఉంటుంది, అక్కడ అమ్మకాల్లో సగం పైన మందే అన్నమాట, దాన్ని దాటి గన్‌తో వెళ్తే జరిమానాతో పోయే వ్యవహారం కాదు. గ్రోసరీలో, లిక్కర్ షాపులో కనబడే, "లైసెన్స్ లేకుండా ఆయుధం ఉంటే నేరం" అన్న బోర్డు చూసి కొత్తవాళ్ళు కంగారు పడతారు, అది మీకు కాదు. గ్రాండ్ ప్రైరీ స్టేడియంలో మేజర్ లీగ్ క్రికెట్‌కి వెళ్తారు కదా, అది ప్రొఫెషనల్ మ్యాచ్, గన్ నిషేధం. పిల్లల హైస్కూలు ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా అంతే. ఆసుపత్రి ఏదైనా సరే వదిలేసి వెళ్ళండి. పోస్టాఫీసు ఫెడరల్ ఆస్తి, పార్కింగ్ లాట్‌తో సహా, అంటే "కార్లో పెట్టేసి వెళ్తాలే" అన్నది కూడా అక్కడ కుదరదు. రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకో బయోమెట్రిక్స్‌కో యూఎస్‌సీఐఎస్ ఆఫీసుకి వెళ్ళే రోజున గన్ ఇంటి గడప దాటకూడదు, ఆ రోజున అది మీకు చేసే మేలు ఏమీ లేదు, కీడు మాత్రం జీవితాంతం ఉంటుంది.

ఆఫీసు సంగతి వేరు. లాక్ చేసిన మీ కార్లో, కంపెనీ పార్కింగ్‌లో గన్ ఉంచుకోవడాన్ని చాలావరకు యజమానులు అడ్డుకోకూడదని 2011 నుంచి టెక్సాస్‌లో చట్టం ఉంది, దానికి మినహాయింపులూ ఉన్నాయి. కానీ బిల్డింగ్ లోపలికి తేవద్దని కంపెనీ పాలసీ ఉంటే, తెస్తే ఉద్యోగం పోతుంది. మన ఐటీ కంపెనీల్లో దాదాపు అన్నిటికీ ఆ పాలసీ ఉంటుంది. అంటే వారంలో ఐదు రోజులు గన్ కార్లో పడి ఉండాలి. ఇక్కడే నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది: రోజంతా కార్లో పెట్టడం కంటే ఇంట్లో సేఫ్‌లో ఉంచడం మేలు. ఇక్కడ దొంగల చేతికి పోయే గన్లలో పెద్ద భాగం కార్లలోంచి పోయేవే, గ్లవ్ బాక్సూ సీటు మధ్య కన్సోలూ వాళ్ళు మొదట చూసే చోట్లు. తప్పదనుకుంటే సీటు ఫ్రేముకి కేబుల్‌తో కట్టే చిన్న స్టీలు పెట్టె కొనండి, హోల్‌స్టర్‌తో సహా అందులో పెట్టండి, అదీ ఆఫీసు పార్కింగ్‌లో నలుగురి ముందు కాదు, దారిలో ముందే ఎక్కడైనా ఆగి.

గుడి గురించి ప్రత్యేకంగా అడిగారు. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రార్థనా స్థలాలు నిషేధ జాబితాలో లేవు, బోర్డు పెడితేనో నోటితో చెప్తేనో తప్ప చట్టప్రకారం వెళ్ళొచ్చు. 2017లో సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది చనిపోయాక వచ్చిన మార్పు ఇది. ఇది చదివి మనవాళ్ళు కొందరు "అయితే గుడికీ తీసుకెళ్ళొచ్చు" అంటారు. వెళ్ళొచ్చు. కానీ ఒక్కసారి గుడిలో మనం చేసే పనులు వరసగా చూడండి. వంగి చెప్పులు విప్పుతాం. సాష్టాంగం చేస్తాం. తీర్థానికి వంగుతాం. ప్రసాదం తిన్నాక కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం, పక్కనే తెలిసినవాళ్ళ పిల్లలు వచ్చి వీపు మీద ఎక్కుతారు. చర్చిలో బెంచీ మీద కూర్చునేవాడి కోసం తయారైన సలహా మనకి సరిపోదు. సత్యనారాయణ వ్రతం పీటల మీద గంటన్నర కూర్చునే రోజున ఇంట్లో వదిలేయండి, ఇది భక్తి విషయం కాదు, చొక్కా పైకి లేస్తుంది, అంతే. గుడి భద్రత మీద నిజంగా ఆందోళన ఉంటే కమిటీతో మాట్లాడండి, పండగ రోజుల్లో చాలా గుళ్ళు ఆఫ్ డ్యూటీ పోలీసుల్ని పెట్టుకుంటాయి, దానికి చందా ఇవ్వడం మీ నడుం మీద పిస్టల్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

వీకెండ్ పార్టీలు. మందు తాగే పార్టీ అయితే గన్ ఇంట్లో, గన్ ఉంటే చేతిలో మజ్జిగ. "ఒక్క బీరే కదా" అని బేరాలు పెట్టుకోవద్దు. మత్తులో ఉండి క్యారీ చెయ్యడం నేరం, మత్తు ఎంత అన్నది ఆ తర్వాత పోలీసూ కోర్టూ తేలుస్తాయి. గంజాయి ఏ రాష్ట్రంలో లీగల్ అయినా ఫెడరల్ చట్టంలో కాదు, గన్ కొనేటప్పుడు నింపిన 4473 ఫారంలో గంజాయి వాడతారా అన్న ప్రశ్నకి జవాబిచ్చి మీరు సంతకం పెట్టారు, గుర్తుంచుకోండి.

అంతకంటే ముఖ్యం, మీ చుట్టూ ఉన్నవాళ్ళ వీసాలు. హెచ్1బీ, ఎఫ్1, బీ2, ఇలా నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ చేతిలో గన్ గానీ బుల్లెట్ గానీ ఉండటమే ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. పార్టీలో ఎవరో "అన్నా, ఒకసారి చూపించవా" అంటారు. మీరు తీసి ఇస్తారు, అతను ఫోటో దిగుతాడు, అది వాట్సాప్‌లో తిరుగుతుంది. అతని గ్రీన్ కార్డు క్యూ సంగతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేంజ్‌కి తీసుకెళ్ళి సరదాగా కాల్పించడం కూడా అదే లెక్క, మినహాయింపు తనకి వర్తిస్తుందో లేదో అతను తన ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి తెలుసుకోవాలి, మిమ్మల్ని కాదు. అందుకని మీ దగ్గర గన్ ఉందని ఎవరికీ చెప్పకపోవడమే మంచిది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు సేఫ్ కోడ్ వాళ్ళకి తెలియకూడదు, దిండు కింద, బీరువాలో బట్టల మధ్య అసలు పెట్టకండి.

పిల్లలు. మీకు ఇద్దరున్నారన్నారు, చిన్నాడికి నాలుగేళ్ళు. 2020 నుంచి అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ మధ్యవాళ్ళ మరణాలకి మొదటి కారణం తుపాకులే, రోడ్డు ప్రమాదాలు కూడా ఆ తర్వాతే. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే ఆ పెద్దవాళ్ళ మీద కేసు. ఇంట్లో నియమం ఒక్కటే పెట్టుకోండి, గన్ ఉంటే ఒంటి మీద, లేకపోతే తాళం వేసిన సేఫ్‌లో, ఈ రెండింటి మధ్య ఇంకో చోటు లేదు. ఫ్రిజ్ మీద రెండు నిమిషాలు, నైట్ స్టాండ్ మీద స్నానం చేసి వచ్చేదాకా, ఇవేవీ లేవు. వేలిముద్రకో అంకెల బటన్లకో తెరుచుకునే చిన్న సేఫ్ కొని గోడకో మంచానికో బోల్టు వేయించండి. హోల్‌స్టర్‌తో సహా తీసి పెట్టండి, అప్పుడు ట్రిగ్గర్ ఎప్పుడూ బయటపడదు. మళ్ళీ పెట్టుకునేటప్పుడు కూడా తొందర లేకుండా, వేలు బయట, చొక్కా అంచు హోల్‌స్టర్‌లోకి దూరకుండా కళ్ళతో చూస్తూ. పొరపాటున పేలే సంఘటనలు ఈ క్షణంలోనే ఎక్కువ.

మీ ఆవిడ కూడా ముందుముందు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటే ఎలా ఉంటుంది అని మీరు అడిగారు. చిన్నపిల్లలున్న తల్లికి నేను వద్దనే చెప్తాను. 2014 డిసెంబర్‌లో ఐడాహోలో ఒక వాల్‌మార్ట్‌లో షాపింగ్ కార్టులో కూర్చున్న రెండేళ్ళ పిల్లాడు తల్లి హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీశాడు, అది గన్ కోసమే ప్రత్యేకంగా తయారైన బ్యాగు, ఆమెకి లైసెన్స్ ఉంది, గన్ అంటే తెలియని మనిషీ కాదు. వాడి చేతిలో గన్ పేలి ఆమె అక్కడికక్కడే చనిపోయింది. మన ఇళ్ళల్లో అమ్మ బ్యాగులో చాక్లెట్ ఉంటుందని ప్రతి పిల్లాడికీ తెలుసు.

రేంజ్ నుంచి రాగానే చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి చేతులు, మొహం కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి, తూటాల్లోంచి వచ్చే సీసం ధూళి బట్టలకి అంటుకుంటుంది. చెప్పులు బయట విప్పే మన అలవాటు ఇక్కడ కలిసొస్తుంది.

ఇక మీ ఆవిడ అభ్యంతరం. దాన్ని భయం అని కొట్టిపారెయ్యకండి, ఆవిడ అడిగేది సరైన ప్రశ్నే. బంగారం కోసం మన ఇళ్ళ మీద పడే దొంగతనాలు ఎక్కువగా ఇంట్లో ఎవరూ లేనప్పుడే జరుగుతాయి, అప్పుడు మీ గన్ మీతో పాటే సినిమాహాల్లో ఉంటుంది. దానికి మందు బ్యాంకు లాకర్, కెమెరా. అలెన్‌లాంటి చోట 2023 మే 6న ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది, అలాంటి రోజున చిన్న పిస్టల్ ఏదో చేసేస్తుందని నేను మీకు మాట ఇవ్వలేను. పిల్లల్ని లాక్కుని బయటికి పరిగెత్తడమే అప్పుడు మొదటి పని, గన్ అన్నది పారిపోవడానికి దారి లేనప్పటి మాట. ఇలా ఉన్నదున్నట్టు మాట్లాడితే ఆవిడ వింటారు. ఆవిడని ఒకసారి మహిళల క్లాసుకి పంపండి, కాల్చడం ఇష్టం లేకపోయినా మ్యాగజైన్ తీసి ఛాంబర్ ఖాళీ చెయ్యడం వరకు వచ్చి ఉండాలి. ఇంకొకటి, ఏ చోట్లకి తీసుకెళ్ళకూడదో చెప్పే హక్కు ఆవిడకి ఇవ్వండి, వాదించకండి.

ఒక విషయం మొహమాటం లేకుండా చెప్తాను. 2023లో ఈ దేశంలో గన్ వల్ల పోయినవాళ్ళు సుమారు 47 వేల మంది, అందులో 27 వేల పైన ఆత్మహత్యలే. లేఆఫ్ రావచ్చు, ఇంట్లో గొడవలు రావచ్చు, నిద్ర పట్టని రోజులు ఉంటాయి. అలాంటి దశ ఎవరికి వచ్చినా, మీకైనా ఆవిడకైనా, గన్ కొన్నాళ్ళు ఇల్లు వదలాలి. గన్ ఉంచుకోవడానికి చట్టప్రకారం అర్హత ఉన్న స్నేహితుడి సేఫ్‌లోనో, స్టోరేజీ ఇచ్చే గన్ షాపులోనో పెట్టండి. బాగున్న రోజుల్లోనే భార్యాభర్తలు ఈ ఒప్పందం చేసుకోవాలి. మనసు మరీ బరువెక్కితే ఇక్కడ 988 హెల్ప్‌లైన్‌కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు.

కోపం. గన్ ఉన్న రోజున మీరు హారన్ కొట్టరు, కట్ చేసినవాడి పక్కకి వెళ్ళి అద్దం దించరు, పార్కింగ్ కోసం వాదించరు. ఎవడైనా తిడితే సారీ చెప్పి వెళ్ళిపోతారు, తప్పు వాడిదైనా సరే. ఎందుకంటే గన్ ఉన్న మనిషి పెంచుకున్న గొడవలో ఆత్మరక్షణ అనే వాదన నిలబడటం కష్టం. చొక్కా ఎత్తి చూపించి భయపెట్టడం కూడా నేరమే. రాత్రిపూట దొంగతనం ఆపడానికి కాల్చవచ్చని టెక్సాస్ చట్టంలో కొన్ని షరతులతో ఉన్న మాట నిజమే, దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు రేంజ్‌లో చాలామంది కనబడతారు. వాకిట్లో హోండా కారు కోసం ఒక కుర్రాడిని చంపి, ఆపైన లాయర్లకి ఇల్లు రాసిచ్చి, ఆ మొహం రోజూ గుర్తు చేసుకుంటూ బతకడం నా వల్ల కాదు. కారుకి ఇన్సూరెన్స్ ఉంది. తలుపు వేసుకుని 911కి ఫోన్ చెయ్యండి.

పోలీసు ఆపితే పక్కకి తీసి, ఇంజన్ ఆపి, రాత్రైతే లోపల లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. ఐడీ అడిగినప్పుడు డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు క్యారీ లైసెన్స్ కూడా ఇవ్వాలని టెక్సాస్ చట్టం. రెండూ గన్ లేని వైపు జేబులో ఉంచుకోండి, వాటికోసం చెయ్యి నడుం వెనక్కి పోకూడదు. "నా దగ్గర క్యారీ లైసెన్స్ ఉంది, పిస్టల్ కుడి నడుముకి ఉంది, నన్ను ఏం చెయ్యమంటారు?" అని నెమ్మదిగా చెప్పి, ఆయన చెప్పేదాకా కదలకండి. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే లైసెన్స్ ఉన్న మనిషి తన దగ్గర గన్ ఉందని మర్యాదగా చెప్పాక కూడా ఆఫీసర్ కాల్పుల్లో చనిపోయాడు. అందుకే మాట కంటే చేతులు కదలకపోవడం ముఖ్యం.

ప్రయాణాలు. ఓక్లహోమా, లూసియానా దాకా మీ లైసెన్స్ చెల్లుతుంది. ఎడిసన్‌లో బంధువుల ఇంటికి మాత్రం తీసుకెళ్ళకండి, న్యూజెర్సీ మీ టెక్సాస్ లైసెన్స్‌ని గుర్తించదు, అక్కడ పర్మిట్ లేని పిస్టల్‌కి తప్పనిసరి జైలు శిక్ష ఉంది, మనం ఇక్కడ మామూలుగా వాడే హాలో పాయింట్ (మొనలో గుంట ఉండే) తూటాలకి కూడా అక్కడ ఆంక్షలు. 2013లో పెన్సిల్వేనియా లైసెన్స్ ఉన్న ఒక తల్లి న్యూజెర్సీలో ట్రాఫిక్ స్టాప్ దగ్గర తన దగ్గర గన్ ఉందని తనే నిజాయితీగా చెప్పి అరెస్టయింది, 2015లో గవర్నర్ క్షమాభిక్ష పెడితే బయటపడింది. న్యూయార్క్, కాలిఫోర్నియా కూడా అంతే. వెళ్ళే ప్రతి రాష్ట్రం చట్టం బయల్దేరేముందు అధికారిక సైట్‌లో చూసుకోండి, ఇవి మారుతుంటాయి.

విమానాశ్రయాల్లో చెక్‌పాయింట్ల దగ్గర 2023లో తనిఖీలు చేసే టీఎస్‌ఏకి దొరికిన గన్లు 6,737, వాటిలో 90 శాతం పైన లోడ్ చేసినవే, మన డాలస్ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూ ఆ ఏడాది అట్లాంటా తర్వాత రెండో స్థానంలో ఉంది. దాదాపు అందరూ చెప్పేది "బ్యాగులో ఉందని మర్చిపోయా" అనే. అందుకే గన్ కోసం వాడే బ్యాగు వేరు, ప్రయాణాల బ్యాగు వేరు. ఇండియా వెళ్ళేటప్పుడు ఇది మరీ ముఖ్యం. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌లో ఒక మూల ఒక్క నైన్ ఎంఎం రౌండ్ ఉండిపోతుంది, దాంతో ఢిల్లీలోనో శంషాబాద్‌లోనో స్కానర్ దగ్గర పట్టుబడితే ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెడతారు. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరమని 1994లో సంజయ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆధారంగా హైకోర్టులు ఇలాంటి కేసులు తరచూ కొట్టేస్తుంటాయి, కానీ అప్పటికి ఫ్లైటు పోతుంది, సెలవులన్నీ లాయర్ల చుట్టూ పోతాయి. కాల్చేసిన ఖాళీ షెల్ దొరికినా ప్రశ్నలు తప్పవు. పిల్లలు రేంజ్ బ్యాగు జేబుల్లోంచి మెరిసే ఇత్తడి షెల్స్ ఏరుకుని స్కూలు బ్యాగుల్లో వేసుకోవడం కూడా చూశాను, అదీ వెతకండి.

డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే) ప్రాక్టీసు, ఎన్ని రౌండ్లు కాల్చాలి అన్నవి ఇక్కడ రాస్తే ఇంకా పెరుగుతుంది. లైసెన్స్ టెస్టులో మీరు కాల్చిన 50 రౌండ్లు కనీస అర్హత మాత్రమే, నెలకోసారైనా రేంజ్‌కి వెళ్ళండి. మీ పిస్టల్ మోడల్, ఎత్తు, నడుం సైజు, ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా చెప్పండి, హోల్‌స్టర్ ఏది సరిపోతుందో చూసి చెప్తాను. బెల్టు మాత్రం ఇవాళే మార్చండి.